ఎవరూ నివసించని చిన్న దీవిలో సొంత దేశం ప్రకటించవచ్చా?

కొత్తజెండా:
మేము కొందరు స్నేహితులం చాలాకాలంగా ఒక చిన్న దేశం గురించి ఆలోచిస్తున్నాం. రాజ్యాంగం ముసాయిదా రాసుకున్నాం, జెండా సిద్ధమైంది. ప్రతి నిర్ణయమూ పౌరులందరూ కూర్చుని తీసుకోవాలన్నది మా మూల సూత్రం. ఉపగ్రహ చిత్రాల్లో చూస్తే ఇళ్లు, దారులు ఏవీ లేని దీవులు ఎన్నో కనిపిస్తున్నాయి. అలాంటి చోట దిగి స్వాతంత్ర్యం ప్రకటిస్తే చెల్లుతుందా? స్థిర జనాభా, నిర్దిష్ట భూభాగం, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు నెరపగల సామర్థ్యం ఉండాలని 1933 నాటి మాంటెవీడియో ఒప్పందం చెబుతోంది. ఈ నాలుగూ మాకు సాధ్యమేననిపిస్తోంది.

సరిహద్దురాయి:
జనం లేనంత మాత్రాన ఆ దీవి ఎవరిదీ కాదని అనుకోకండి. పసిఫిక్‌లోని క్లిప్పర్టన్ దీవినే చూడండి. 1858లో ఒక ఫ్రెంచి అధికారి ఓడ మీద నుంచే అది ఫ్రాన్స్‌దని ప్రకటించాడు. ఆ సంగతి హొనొలులు పత్రికలో అచ్చయింది. ఫ్రాన్స్ అక్కడ ఎవరినీ కాపురం ఉంచలేదు. అయినా మెక్సికోతో వచ్చిన వివాదంలో 1931లో మధ్యవర్తి తీర్పు ఫ్రాన్స్‌కే అనుకూలంగా వచ్చింది. 1972లో పసిఫిక్‌లోనే ఉన్న మినర్వా పగడపు దిబ్బల మీద ఇసుక పోయించి గణతంత్రం ప్రకటించినవారిని టోంగా రాజ్యం కొన్ని నెలల్లోనే ఖాళీ చేయించింది.

పాతలంగరు:
చట్టం సంగతి పైన చెప్పారు. నేను సరుకు ఓడల్లో పనిచేసి విరమించినవాణ్ణి, దీవి సంగతి చెబుతాను.

ఉపగ్రహ చిత్రంలో దిగే చోటు తెలియదు. చాలా పగడపు దీవుల దగ్గర దిబ్బ అంచు దాటగానే లోతు ఒక్కసారిగా పెరిగిపోతుంది, లంగరు అందదు. ఓడ దూరంగా తిరుగుతూ ఉంటే చిన్న పడవలో అలల మధ్య ఎడం చూసుకుని దిబ్బ దాటాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎలాగో దిగుతాడు. సిమెంటు బస్తాను ఎలా దించుతారు? జ్వరంతో ఉన్న మనిషిని తిరిగి ఎలా ఎక్కిస్తారు?

తర్వాత నీళ్లు. ఇసుక దీవి అడుగున వాననీరు ఉప్పునీటి మీద పొరలా తేలుతూ ఉంటుంది. బావిలో ఎక్కువ తోడితే కింది ఉప్పునీరు పైకి వచ్చేస్తుంది. ఇక మిగిలేది కప్పు మీద పడే వాన. పది చదరపు మీటర్ల రేకు మీద ఒక మిల్లీమీటరు కురిస్తే పది లీటర్లు, అందులోనూ కొంత ఆవిరైపోతుంది. మీ స్థిర జనాభా ఎంతన్నది ఈ లెక్క మీదే ఆధారపడుతుంది కనుక ముందుగా ఇది వేసుకోండి.

క్లిప్పర్టన్‌లో మెక్సికో ఉంచిన సైనిక కుటుంబాలకు అంతర్యుద్ధం వల్ల సరుకుల ఓడ రావడం ఆగిపోయింది. చేపలు, పక్షి గుడ్లు, కాసిని కొబ్బరికాయలతో బతికారు. విటమిన్ సి అందక వచ్చే స్కర్వీ జబ్బుతో ఒక్కొక్కరే చనిపోయారు. మిగిలిన కొద్దిమంది స్త్రీలను, పిల్లలను 1917లో అమెరికా నౌక ఒకటి కాపాడింది. ఓడలో ఉన్నన్నాళ్లూ ఆ కథ నన్ను వదల్లేదు.

ఇంకొక మాట. మనుషులు లేని దీవి అంటే చాలాసార్లు సముద్రపక్షులు నేల మీదే గుడ్లు పెట్టే చోటు. పడవలో కనబడకుండా వచ్చిన ఒక చూలు ఎలుక చాలు, గూళ్లన్నీ ఖాళీ అవుతాయి. దీని మీద మీ రాజ్యాంగంలో ఒక అధికరణం ఉండి తీరాలి.

కొత్తజెండా:
నీళ్ల లెక్క మేము వేయనేలేదు. బ్రిటన్ తీరానికి ఆవల ఉన్న సీలాండ్ లాగా సముద్రంలో కట్టడం మీద దేశం పెడితే?

సరిహద్దురాయి:
అది యుద్ధకాలపు కోట, కొత్తగా కట్టింది కాదు. 1967లో ప్రకటించినప్పుడు బ్రిటన్ సముద్రజలాల పరిధి మూడు నాటికల్ మైళ్లే, కోట దానికి బయట ఉండేది. 1987లో పరిధిని పన్నెండుకు పెంచారు, దాంతో కోట లోపలికి వచ్చింది. 1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ప్రకారం కృత్రిమ కట్టడానికి దీవి హోదా లేదు. రిమిని తీరానికి ఆవల రోజ్ ఐలండ్ పేరుతో 1968లో ప్రకటించిన వేదికను ఇటలీ మరుసటి ఏడాది పేల్చివేసింది.

పాతలంగరు:
మీ మూల సూత్రం నాకు నచ్చింది, దాన్ని వదలకండి. యజమాని ఉన్న దీవినే కౌలుకు తీసుకుని, ఆ దేశ చట్టానికి లోబడి, మీ సభను అక్కడ నడిపి చూడండి. నాణేల జోలికి మాత్రం పోకండి. బ్రిటన్‌లోని లండీ దీవి యజమాని 1929లో సొంత నాణేలు వేయించి జరిమానా కట్టాడు, తపాలా బిళ్లలు మాత్రం నిలిచాయి. మీరు చూసిన దీవి అక్షాంశ రేఖాంశాలు పంపండి. నౌకా చార్టులో దిగే చోటు ఉందేమో చూసి చెబుతాను. పక్షులు పొదిగే నెలలు ఏవో ఆ దేశ అటవీ శాఖను మీరు అడగండి.