‘జ్యాదతీ’ అని రాయడం మర్యాదా, దాపరికమా?

లూథియానా సరోజ:
పదకొండేళ్లుగా పంజాబ్‌లో ఉంటున్నాను. ఇక్కడి గురుముఖి పేపర్లలో రేప్ వార్తకు తరచూ కనిపించే మాట ‘జబర్ జనాహ్’. సరిహద్దు అవతల లాహోర్‌లో దాన్నే ‘జ్యాదతీ’ అంటారు. జ్యాదతీ అంటే మితిమీరడం, అన్యాయం చేయడం. కొట్టువాడు పది రూపాయలు ఎక్కువ గుంజినా ఇక్కడివాళ్లు జ్యాదతీ అనే అంటారు. ఒక పిల్ల బతుకును చిదిమేసిన నేరానికీ అదే మాటా? నా మటుకు నాకు ఇది నేరాన్ని కప్పిపెట్టడమే.

పాతబస్తీ పాఠకుడు:
సరోజక్కా, నేను ఒప్పుకోను. మా ఇంటికొచ్చే హైదరాబాద్ ఉర్దూ పేపర్లో ‘ఇస్మత్ రేజీ’ అని రాస్తారు. ఇస్మత్ అంటే శీలం. మన తెలుగులో ‘మానభంగం’ లాంటిదే. అంటే పోయింది ఆమెదే అన్నట్టు. జ్యాదతీ అన్నప్పుడు కనీసం తప్పు చేసినవాడి వైపు వేలు చూపిస్తుంది. పైగా మా నాన్న రోజూ పొద్దున పేపరు పైకి చదువుతారు, చుట్టూ పిల్లలుంటారు. రేప్ అని రాస్తే ఆ వార్తే వదిలేస్తారు.

గుంటూరు ప్లీడర్:
‘జబర్ జనాహ్’ సూటిగా ఉందనుకోకండి. అందులో ఉన్నది ‘జినా’, అంటే అక్రమ సంబంధం. పాకిస్తాన్‌లో మత శిక్షలను చట్టంలోకి తెచ్చిన 1979 హుదూద్ ఆర్డినెన్స్ రేప్‌ను ‘జినా బిల్ జబర్’, అంటే బలవంతపు జినా అంది. హద్, అంటే మతం నిర్ణయించిన కఠిన శిక్ష పడాలంటే, నిందితుడు ఒప్పుకోకపోతే నలుగురు మగ సాక్షులు కావాల్సి వచ్చేది. నిరూపించలేక, ఫిర్యాదు చేసిన ఆడవాళ్లే జినా కేసుల్లో ఇరుక్కున్నారు. 2006లో గానీ రేప్‌ను మళ్లీ పీనల్ కోడ్‌లోకి తేలేదు. అంత చరిత్ర మోస్తున్న మాట కన్నా జ్యాదతీయే నయం.

మిర్యాలగూడ వాసి:
నాకైతే ‘కాలా కాలీ’ ఇంకా భయంకరం. పాకిస్తాన్‌లో డేరా గాజీ ఖాన్, రాజన్‌పూర్ లాంటి సరాయికీ భాష మాట్లాడే ప్రాంతాల్లో సంబంధం అంటగట్టి చంపితే వాడే మాట. సింధ్‌లో కారో కారీ. అర్థం: నల్లవాడు, నల్లది. అది చంపినవాడు వేసిన నింద! దాన్నే పేపరు హెడ్డింగ్‌లో పెడితే చచ్చిపోయిన మనిషి జవాబెలా చెబుతుంది? 2016 జూలైలో ముల్తాన్‌లో సోషల్ మీడియా తార ఖందీల్ బలోచ్‌ను సొంత తమ్ముడే చంపితే, ‘గైరత్ పేరుతో హత్య’ అన్నారు. గైరత్ అంటే పరువు, రోషం. మా ఊళ్లో 2018లో ప్రణయ్‌ను చంపినప్పుడు కూడా ‘పరువు హత్య’ అనే రాశారు. అది కుల దురహంకార హత్య అని మేం గొంతు చించుకోవాల్సి వచ్చింది.

లూథియానా సరోజ:
ప్లీడర్ గారూ, జినా సంగతి నిజమే, ఆ మాటను ఇక వెనకేసుకు రాను. కానీ పాతబస్తీ తమ్ముడూ, ఆ చుట్టూ కూర్చున్న పిల్లలకు ఏం అర్థమవుతోంది? రేపు వాళ్లకే ఏదైనా జరిగితే ఏ మాటతో వచ్చి చెప్పుకుంటారు?

పాతబస్తీ పాఠకుడు:
అక్కా, మొన్న అదే జరిగింది. మా పాపకు తొమ్మిదేళ్లు. నాన్న చదువుతుంటే మధ్యలో అడిగింది, “దాదా, ఇస్మత్‌కు ఏమైంది? మా క్లాసులో ఇస్మతేనా?” అని. నాన్న పేజీ తిప్పేశారు. నేనూ ఏమీ చెప్పలేకపోయాను.