తుంగను గడ్డి అనవచ్చునా?

ఇంటి ముందు పచ్చికలో మొలిచే తుంగను "తుంగగడ్డి" అనడం సరియైనదేనా అని నిన్న ఒక సభ్యురాలు అడిగారు. వాడుకలో ఉన్న మాట కనుక తప్పు అనలేము. అయితే సేద్యం చేసేవారి తెలుగు ఈ విషయంలో మనకంటే జాగ్రత్తగా ఉన్నదని నా అభిప్రాయం. వారు కలుపును గడ్డి జాతి, తుంగ జాతి, వెడల్పాకు జాతి అని మూడుగా విడదీస్తారు. ఆ లెక్కన తుంగ గడ్డి కిందికి రాదు. పూత కాడను తెంపి వేళ్ల నడుమ దొర్లించి చూస్తే ఈ భేదం చేతికే తెలుస్తుంది. గరిక కాడకు కణుపులుంటాయి, తుంగ కాడ నున్నగా సాగి మూడు అంచులతో వేలికి తగులుతుంది.

మా పచ్చికలో రెండేళ్లపాటు దీనిని గడ్డి అనుకొనే పీకాను. పీకినప్పుడల్లా ఆకులు చేతికి వచ్చేవి, కొద్ది రోజులకే అదే చోట మళ్లీ మొలక కనిపించేది. కలుపు తీయడానికి వచ్చిన ఒక పెద్దావిడ "ఇది గడ్డి కాదు బాబూ, తుంగ. గడ్డ రాకుంటే పీకనట్టే" అని చెప్పి, గునపంతో జానెడు లోతు తవ్వి, దారం వంటి వేరుకు వరుసగా గుచ్చినట్లున్న నల్లని గడ్డలను చూపించింది. గడ్డికీ గడ్డకూ నడుమ ఒక్క గుడి తేడా. నా రెండేళ్ల శ్రమ ఆ గుడి దగ్గరే వృథా అయింది.

మూలికల దుకాణాల్లో తుంగముస్తలని అమ్మేవి ఈ గడ్డలే. సంస్కృతంలోని ముస్త ఇదే. శాకుంతలం రెండవ అంకంలో వేట మానుకున్న దుష్యంతుడు, అడవి పందులు మడుగుల్లో నిశ్చింతగా ముస్తలను పెళ్లగించుకోనిమ్మంటాడు. పందికి కూడా పైనున్న ఆకు కాదు, మట్టిలోని గడ్డే కావాలి.

పేరు తప్పితే మందు కూడా తప్పుతుంది. గడ్డి జాతిని చంపే క్విజలోఫాప్ వంటి మందు తుంగను ఏమీ చేయదు సరికదా, పచ్చికనే మాడుస్తుంది. తుంగకు వాడే మందు వేరే రకం, చెరకు తోటల్లో వాడే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ అటువంటిది.

గరిక మాత్రం నిస్సందేహంగా గడ్డే. గరికనే పచ్చికగా పెంచుకున్న ఇంట దానిని ఎవరూ కలుపు అనరు, కొరియా గడ్డి వేసుకున్న పొరుగింట అదే కలుపవుతుంది. తుంగకు అటువంటి రెండవ హోదా ఏ పచ్చికలోనూ నేను చూడలేదు. మీ ప్రాంతంలో దాని గడ్డలకు వేరే పేరు ఉంటే దయచేసి తెలియజేయగలరు.