బెంగళూరు చలికి అద్దె ఇంట్లో తక్కువ ఖర్చుతో ఏం చెయ్యొచ్చు? అమ్మానాన్న తట్టుకోలేకపోతున్నారు

తెనాలిఅమ్మాయి:
అందరికీ నమస్తే అండీ. మేం హొరమావు దగ్గర అద్దెకి ఉంటున్నాం, నాలుగో ఫ్లోరు, పైన ఇంక టెర్రస్సే. తెనాలి నుంచి అమ్మా నాన్నా వచ్చారు, సంక్రాంతి దాకా ఉండమని బతిమాలి తీసుకొచ్చాం, ఇప్పుడేమో ఈ చలి మా వల్ల కాదమ్మా వెళ్ళిపోతాం అంటున్నారు. మా ఊళ్ళో డిసెంబర్లో కూడా ఫ్యాన్ తిరక్కపోతే నిద్రపట్టని మనుషులు, ఇక్కడ సాయంత్రం ఆరైతే మంకీ క్యాప్ పెట్టుకుని మంచం దిగట్లేదు. నాన్నకి చాలా ఏళ్ళ నుంచి షుగరు, కాళ్ళు తిమ్మిర్లు, రాత్రిళ్ళు పట్టుకుంటే పాదాలు మంచుముక్కల్లా ఉంటున్నాయి, నాకు భయం వేస్తోంది. అమ్మ ఐదింటికే లేచి వంటింట్లోకి వెళ్తుంది, ఆ గ్రానైట్ మీద వట్టి కాళ్ళతో నిలబడుతుంది, పొయ్యి దగ్గర చెప్పులు వేసుకోమంటే ఒప్పుకోదు. బెడ్రూంలో రెండు స్లైడింగ్ కిటికీలు ఉన్నాయి, మూసినా సన్నగా గాలి కొడుతూనే ఉంటుంది, ఓనరేమో గోడకి మేకు కొట్టనివ్వడు. ఆయిల్ హీటర్ కొందామంటే గృహజ్యోతిలో (కర్ణాటక ప్రభుత్వం ఇళ్ళకిచ్చే ఫ్రీ కరెంటు పథకం) బిల్లు సున్నా వస్తోంది, అది పోతుందేమోనని మావారి బాధ. మా మేనత్త ఫోన్ చేసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోండే అంటోంది, ఇంట్లో పాత కుంపటి ఉంది కూడా. రెండు మూడు వేలు పెట్టగలం. ముందు ఏది చెయ్యాలో చెప్పండి ప్లీజ్.

నైట్‌డ్యూటీ_నర్స్:
ముందు కుంపటి మాట మర్చిపోండి, దయచేసి. పొగ రావట్లేదు కదా, నిప్పులు కణకణలాడుతున్నాయి కదా అని తలుపులేసుకుని పడుకుంటారు, కానీ బొగ్గుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ ఉండదు వాసనా ఉండదు, అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలో హిమోగ్లోబిన్‌ని పట్టేసుకుంటుంది, కాస్త తలనొప్పి, మగత, అంతే, పడుకున్న మనిషికి ఇంక మెలకువే రాదు. కిటికీ కొంచెం తెరిచి పెడతాం అంటారు కొందరు, అదీ నమ్మొద్దు. ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంటే దానికీ ఇదే భయం, బాత్రూంలోకి గాలి వచ్చే దారి చలికని అట్టలు పెట్టి మూసెయ్యకండి.

ఇంక నాన్నగారి సంగతి. షుగర్ వల్ల తిమ్మిర్లున్నాయంటే కాళ్ళకి వేడి తెలియడం కూడా తగ్గి ఉంటుంది. వేడినీళ్ళ బ్యాగు పాదాల దగ్గర పెట్టుకుని నిద్రపోతే చర్మం కాలినా ఆయనకి తెలీదు, పొద్దున చూస్తే బొబ్బ ఉంటుంది, ఆ బొబ్బ పుండై నెలల తరబడి మానని వాళ్ళని మేం వార్డులో చూస్తుంటాం. బ్యాగు వాడండి గానీ ఆయన పడుకునే అరగంట ముందు దుప్పట్లో పెట్టి, ఆయన మంచమెక్కేటప్పుడు తీసెయ్యండి, పక్క వెచ్చగా ఉంటుంది చాలు. కళపెళ కాగే నీళ్ళు పొయ్యొద్దు, మూడొంతుల్లో రెండొంతులు పోసి, పైన గాలి నొక్కేసి మూత బిగించండి. కాళ్ళకి మందపాటి సాక్సులు వేయండి, పైన ఎలాస్టిక్ బిగుతుగా ఉండకూడదు. రోజూ పొద్దున సాక్సులు తీసి పాదాలు, వేళ్ళ సందులూ మీరే చూడండి. పాదాలు ఎప్పుడూ అంత చల్లగా ఉంటున్నాయంటే రక్తప్రసరణ ఎలా ఉందో డాక్టర్‌కి ఒకసారి చూపించండి, అన్నీ చలి మీదకి నెట్టెయ్యకండి.

వైరింగ్_విజయనగర:
నేను కరెంటు పని చేస్తానండి, హీటర్ లెక్క చెప్తాను. 2000 వాట్ల ఆయిల్ హీటర్ ఫుల్లులో పెడితే గంటకి 2 యూనిట్లు, రోజుకి మూడు గంటలంటే 6, నెలకి 180. థర్మోస్టాట్ ఉంది కట్ అవుతుంది అంటారు గానీ కిటికీల్లోంచి గాలి దూరుతుంటే గది వేడెక్కేదెప్పుడు, అది కట్ అయ్యేదెప్పుడు. యూనిట్ 6 రూపాయలు వేసుకున్నా 180కి 1080. గృహజ్యోతి అంటే 200 యూనిట్లు అందరికీ ఫ్రీ అనుకుంటారు, అది గరిష్ఠం మాత్రమే. 2022-23లో నెలకి సగటున ఎంత వాడారో, మామూలుగా దానికి 10 శాతం కలిపి అంతవరకే ఫ్రీ. అది దాటి 200 లోపుంటే దాటిన యూనిట్లకి కట్టాలి, 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. ఆయిల్ హీటర్ పెట్టారంటే మీరు దాటడం ఖాయం.

ఇంకోటి, బెడ్రూంలో ఉండే మామూలు ప్లగ్గు 6 ఆంప్స్‌ది, దానికి 2000 వాట్ల హీటర్ పెట్టకూడదు, గీజర్‌కి ఏసీకి ఉండే 16 ఆంప్స్ ప్లగ్గే కావాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి హీటర్ పెడతారు చూడండి, వైరు వేడెక్కి బోర్డు కరిగిపోయిన ఇళ్ళకి ఈ సీజన్లో వెళ్తూనే ఉంటాను. మీ బడ్జెట్‌కి సింగిల్ ఎలక్ట్రిక్ బ్లాంకెట్ మేలు, వంద వాట్ల లోపు దొరుకుతుంది, పడుకునే ముందు గంట వేసి పక్క వేడెక్కాక స్విచ్చాఫ్ చేస్తే నెలకి 3 యూనిట్లు. ఐఎస్ఐ గుర్తు చూసి కొనండి, మడతపెట్టి ఆన్ చెయ్యకండి, నర్సుగారు చెప్పినట్టు నాన్నగారు పడుకున్నాక ఆన్‌లో ఉంచకండి.

దక్కన్‌_డైరీ:
నా మాటకి ఏమీ అనుకోవద్దు, బెంగళూరులో ఇప్పటిదాకా అతి తక్కువ రికార్డు 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. డిసెంబర్ రాత్రుళ్ళు మామూలుగా 16 దగ్గరే. దీనికి హీటర్ల దాకా ఎందుకు, రెండు స్వెటర్లు వేస్తే చాలు కదా.

తెనాలిఅమ్మాయి:
మీ వయసులో సరిపోతుందండి, ఆయనకి డెబ్భై దాటాయి.

హిందూపురం_యలహంక:
దక్కన్ అన్నా, నంబర్ చూసి చెప్తే కాదు. మన ఇండ్లు ఎండాకాలానికి కట్టినవి, కింద గ్రానైటు, పైన వట్టి స్లాబు, కిటికీకి ఒక్క అద్దం. ఆకాశం తేటగా ఉంటే టెర్రస్ వేడి రాత్రంతా పైకి పోతాది, తెల్లారుజామున పై ఫ్లోరు వాళ్ళకే ఎక్కువ చలి. తుఫాను పట్టినప్పుడు ఇంకో రకం, 2022 డిసెంబర్లో మాండూస్ వచ్చినప్పుడు చూసినాము కదా, మధ్యాన్నం కూడా ఎండ మొకం లేదు, ముసురు, బట్టలారవు, ఇల్లంతా చెమ్మ.

అక్కా, ముందు ఆ కిటికీ గాలి ఆపండి, మిగతా ఖర్చంతా దాని తర్వాతే. స్లైడింగ్ షట్టర్ పక్కకి లాగి దాని అంచు చూడండి, గాడిలో బ్రష్షు మాదిరి సన్న పట్టీ ఉంటాది, అది అరిగి వెంట్రుకలు రాలిపోయింటే అక్కడ్నుంచే గాలి దూరేది. హార్డ్‌వేర్ షాపులో మీటర్ల లెక్కన అమ్ముతారు, పాతది ముక్క తీసుకుపోయి చూపిస్తే అదే సైజు ఇస్తారు, గాట్లో దూర్చడమే, మేకుల పని లేదు. గోడకీ ఫ్రేముకీ మధ్య సందుంటే అంటించే ఫోమ్ టేపు. తలుపు కింద సందుకి పాత టవల్ చుట్టి పెట్టినా చాలు.

ఆ తర్వాత పక్క. అందరూ పైన కప్పుకునేదే చూస్తారు గానీ పరుపు పల్చగా ఉంటే కిందనుంచి కూడా చలి పడతాది. మా ఇంట్లో పరుపు మీద చళ్ళకెర ఉన్ని కంబళి, దాని మీద పాత నూలు చీరలు నాలుగు మడతలేసి మా జేజి కుట్టిన బొంత, దాని మీద దుప్పటి. కంబళి ఒంటికి గుచ్చుకుంటాది, అందుకే కింద వేసేది, పైన కప్పుకోను దూది రజాయి తీసుకోండి, చిక్కపేటలో బేరమాడితే మీ బడ్జెట్లో ఇద్దరికీ వస్తాయి. మంచం బయటి గోడకి ఆనించి ఉంటే జానెడు జరపండి. పడమర గోడ ఉన్న రూము ఖాళీగా ఉంటే పెద్దోళ్ళని అందులో పడుకోబెట్టండి, సాయంత్రం ఎండ తాగిన గోడ రాత్రి చానాసేపు వెచ్చగుంటాది. ఈ నెలల్లో సూర్యుడు దక్షిణంగా పోతాడు కాబట్టి దక్షిణం కిటికీ కర్టెన్లు పొద్దున్నుంచి తీసి పెట్టి, ఐదు కాకముందే మందపాటి కర్టెన్ మూసేయండి. తడి బట్టలు మాత్రం ఆ రూములో ఆరేయొద్దు.

అమ్మకి వంటింట్లోకి మాత్రమే కొత్త చెప్పులు కొనిపెట్టండి, బయట తొక్కినవి కాదంటే మా అమ్మ ఒప్పుకునింది. నిలబడే చోట కింద రబ్బరున్న మ్యాట్ వేయండి, జంపఖానా గ్రానైట్ మీద జారతాది, పెద్దోళ్ళు పడితే కష్టం.

తెనాలిఅమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. కుంపటి ఈరోజే తీసేశాను, అత్తకి కూడా ఫోన్ చేసి నర్సుగారు చెప్పిందంతా చెప్పాను. కిటికీ చూశాను, మీరన్న పట్టీ సగం ఊడిపోయే ఉంది. రేపు పట్టీ, ఆదివారం చిక్కపేట, నాన్నకి అపాయింట్‌మెంట్ కూడా తీసుకున్నాం. ఫోమ్ టేపు పొద్దున అంటించి చూశాను, అప్పుడే ఊడిపోతోంది, ఏదైనా గమ్ వాడాలా?

హిందూపురం_యలహంక:
గమ్ వద్దక్కా, ఓనర్ గలాటా చేస్తాడు, గీకితే పెయింట్ వస్తాది. పొద్దున్నే ఫ్రేము మీద చెమ్మ ఉంటాది. పొడిగుడ్డతో దుమ్ము తుడిచి, మధ్యాన్నం ఎండ తగిలి ఫ్రేము వేడిగా ఉన్నప్పుడు అంటించి వేలితో గట్టిగా నొక్కండి, నిలబడతాది.