అప్‌డేట్: చెత్త రుసుము పెంపు గురించి బడ్జెట్ సభలో అడిగేశాను

ఆస్తి పన్ను ముట్టుకోకుండా చెత్త రుసుము పెంచుతున్నారు, నగర బడ్జెట్ సభలో ఏం అడగాలని అప్పుడు అడిగాను కదా. మీరన్నట్టే ఒక్క ప్రశ్నే పట్టుకున్నాను: ఈ డబ్బు చెత్త సేకరణకే ఖర్చవుతుందా, నగరం అన్ని ఖర్చులకూ వాడుకునే సాధారణ నిధిలో కలిసిపోతుందా? ఆర్థికాధికారి కాగితాలు అటూ ఇటూ తిప్పి, కొంత సాధారణ నిధికే పోతుందని ఒప్పుకున్నారు. కునుకు తీస్తున్నవాళ్లు కూడా తలెత్తారు!

ఆస్తి పన్నయితే విలువను బట్టి పడుతుంది. ఈ రుసుము ఒంటిగది ఇంటికీ, బంగళాకీ ఒకటే. పైగా ‘పన్నులు పెంచలేదు’ అని చెప్పుకోవడం మరీ విడ్డూరం.

పెంపు ఆగలేదు. కానీ చిన్న ఇళ్లకు తగ్గింపు, రుసుముకు విడి ఖాతా అనే సవరణలు ఓటింగ్‌కు వస్తున్నాయి. రోడ్ల పద్దు అడిగేలోపే మైకు కట్ చేశారు.