ఫ్రెంచి ‘ఇన్విన్సిబుల్’ని ఇంగ్లీషువాళ్లు నిజంగా కాపీ కొట్టారా?

ఉప్పుగాలి: 1747 మేలో స్పెయిన్ తీరాన ఫినిస్టెర్ అగ్రం దగ్గర ఇంగ్లీషు అడ్మిరల్ ఆన్సన్ పట్టిన ఫ్రెంచి యుద్ధనౌక ఇది. ఎక్కడ చూసినా ఒకటే పాట: దీన్ని చూసే ఇంగ్లీషు నౌకాదళం 74 ఫిరంగుల ఓడలు కట్టడం నేర్చుకుందట. నాకు నమ్మబుద్ధి కావట్లేదు. అచ్చం దాని కొలతలతో కట్టించినవి రెండే, వేలియంట్, ట్రయంఫ్. వాటికి ఆర్డరు 1757లో. అంత గొప్ప ఓడ చేతికొస్తే పదేళ్లు ఊరుకుంటారా?

పాతపటం: ఊరుకోలేదండీ, ఊరుకోబెట్టారు. అప్పట్లో అక్కడ ఏ తరగతి ఓడ ఎంత పొడవుండాలో ‘ఎస్టాబ్లిష్‌మెంట్’ పట్టికలో రాసిపెట్టి ఉండేది. ఓడలు కట్టించే నేవీ బోర్డు పెద్దలు దాన్ని దాటనిచ్చేవారు కాదు. ఆన్సనే 1751లో నౌకాదళాన్ని నడిపే అడ్మిరాల్టీకి పెద్దయినా వెంటనే సాగలేదు. 1755లో థామస్ స్లేడ్ సర్వేయరుగా, అంటే ఓడల నమూనాలు గీసేవాడిగా, వచ్చాకే కదలిక.

అసలు ఆ ఓడలో ఏముందో చూడండి. ఇంగ్లీషువాళ్ల 80 ఫిరంగుల మూడంతస్తుల ఓడలకి కింది వరుస కిటికీలు నీటికి మరీ దగ్గర. కాస్త అల లేస్తే తలుపులు బిగించెయ్యాలి. బరువైన ఫిరంగులన్నీ ఆ వరుసలోనే, ఇక వాటితో పనేముంది? ఇన్విన్సిబుల్‌కి అంతస్తులు రెండే, పొడవెక్కువ, కిటికీలు ఎత్తున. సముద్రం పోటుమీదున్నా పెద్ద ఫిరంగులు పేలతాయి. దెబ్బతిన్నవాడికి ఇది చెప్పాలా?

ఉప్పుగాలి: మంచిదే. కానీ స్లేడ్ 1755లో గీసిన 74 ఫిరంగుల డబ్లిన్ తరగతికి ఫిరంగి అంతస్తు పొడవు 165 అడుగుల చిల్లర. 1760 నాటి బెల్లోనాకి 168. ఇన్విన్సిబుల్‌కి 171. కాపీ అంటే ఇదేనా?

కోరమండలం: మీరు కొలతల దగ్గరే ఆగిపోయారు. పట్టుబడ్డ రోజు ఇన్విన్సిబుల్ కాపలా కాస్తున్నది ఇండియాకి బయల్దేరిన ఫ్రెంచి కంపెనీ ఓడలకి! మద్రాసు అప్పటికే, 1746లో, ఫ్రెంచి నౌకాదళ నాయకుడు లా బుర్దోనే పట్టేశాడు. ఆ సరుకంతా పుదుచ్చేరి చేరుంటే అక్కడి ఫ్రెంచి గవర్నరు డూప్లే చెయ్యి ఇంకా పైనే ఉండేది. నాకదే పెద్ద సంగతి.

పాతపటం: పెద్దదే, దానికి వేరే చర్చ పెట్టండి, నేనూ వస్తా.

చుక్కాని: ఇద్దరూ స్పెయిన్‌ని మర్చిపోయారు. 1740లో ప్రిన్సెసా అనే ఒక్క ఓడని పట్టడానికి మూడు 70 ఫిరంగుల ఇంగ్లీషు ఓడలు గంటల తరబడి కొట్టాల్సొచ్చింది. తమ ఓడలు చిన్నవన్న గుబులు ఇంగ్లీషువాళ్లకి అప్పుడే మొదలైంది, 1745 పట్టికలో కొలతలు కొంత పెరిగాయి కూడా. ఫ్రెంచి ఓడ ఆ వాదనకి రేవులో నిలబడ్డ సాక్ష్యం, అంతే. పట్టిన ఓడని డాకులోకి లాగి గీతలన్నీ కాగితం మీదికి ఎక్కించుకోవడం వాళ్లకి అలవాటే. అందుకే 1758 ఫిబ్రవరిలో కెనడాలోని ఫ్రెంచి కోట లూయీబర్గ్ మీద దాడికి బయల్దేరుతూ చుక్కాని బిగుసుకుపోయి, పోర్ట్స్‌మత్ ఎదుటే ఇసుకమేట మీదికెక్కి ఓడ పోయినా, దాని కొలతలు పోలేదు.

ఉప్పుగాలి: సాక్ష్యమంటే ఒప్పుకుంటా, తల్లి అంటే ఒప్పుకోను. పూర్తి కొలత ఓడకి ఖర్చూ కలపా ఎక్కువ. స్లేడ్ తగ్గించి గీసింది బహుశా అందుకే. ట్రయంఫ్ నీళ్లలోకి దిగింది 1764లో, ఏడేళ్ల యుద్ధం ముగిశాక!

పాతపటం: వేలియంట్ 1759లోనే దిగిందిగా. 1761లో ఫ్రాన్స్ తీరంలోని బెల్ ఐల్ దీవి మీద దాడికి ఇంగ్లీషు నౌకాదళ నాయకుడు కెపెల్ జెండా ఎగరేసింది దాని మీదే. మీకు పనికొచ్చే ఓడనే లెక్కేస్తే ఎలా మాస్టారూ?