గుండె, మెదడు రక్తనాళాల మందుల మీద ఒకాయన రికార్డు – ఎట్టా చదవాలి?

బ్రాడీపేట_ఎంఫార్మ్:
నమస్కారం. గుంటూరులో ఎం.ఫార్మ్ ఫార్మకాలజీ రెండో ఏడాది చదువుతున్నా. పీహెచ్‌డీ కోసం బయటిదేశం ప్రొఫెసర్ ఒకాయనకి రాద్దామని ఆయన పేపర్ల జాబితా ప్రింటు తీయిస్తే 22 పేజీలొచ్చింది. జిరాక్స్ షాపాయన "ఏందమ్మా, ఓటర్ల లిస్టా?" అన్నాడు. మొదట్లో అంతా ఎలుక అయోర్టా (గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని), బీపీ. సగం నుంచి మైగ్రేన్, మెదడులో రక్తస్రావం. చివర్లో, నాళాల్ని బిగించే ఎండోథీలిన్‌ని అడ్డుకునే మందు పని చెయ్యలేదని ఒక పేపరు. గుండె మీద పనిచేసే మనిషి మెదడు మీదకెందుకు పోయాడు, నిలకడ లేకనా? ఫెయిలైన పని ఉన్నాయన దగ్గర చేరొచ్చా? మా సీనియరేమో హెచ్ ఇండెక్స్ చూసి మెయిల్ కొట్టెయ్ అంటున్నాడు.

బెంజిసర్కిల్_బాబాయ్:
హెచ్ ఇండెక్స్ 50 అంటే ఒక్కోదానికి కనీసం 50 సైటేషన్లొచ్చిన (వేరే పేపర్లలో ప్రస్తావించిన) పేపర్లు 50 ఉన్నాయని, అంతే. వాటిలో ఆయన చెయ్యి ఎన్నింట్లో పడిందో అది చెప్పదు. మొదటి పేరో చివరి పేరో ఆయనదైనవి పసుపు మార్కరుతో గీసుకో, సగం పేజీలు తగ్గిపోతాయి.

పొగడ్రమ్ము_మేష్టారు:
అమ్మాయీ, నేను ఫార్మకాలజీ ప్రాక్టికల్స్ చేయించి రిటైరైనవాణ్ణి. పొగ పట్టించిన డ్రమ్ము మీద గీత పడ్డాక కాగితాన్ని లక్క వార్నిషులో ముంచి ఆరేసిన కాలం మాది. మీరు కంప్యూటర్లో కప్పగుండె చూస్తున్నారు, సరే.

ఆయనకి నిలకడ లేదంటే నేనొప్పుకోను. ఎలుక అయోర్టాని రెండు మూడు మిల్లీమీటర్ల ఉంగరాలుగా కోసి, 37 డిగ్రీల క్రెబ్స్ అనే ఉప్పు ద్రావణంలో తగిలించి, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలు వదులుతారు. ఫినైలెఫ్రిన్ వేస్తే బిగుస్తుంది. అప్పుడు అసిటైల్‌కోలిన్ వేస్తే సడలాలి. సడల్లేదా, కోసేటప్పుడు లోపలి పొర నీ చేతి రాపిడికి ఊడిపోయిందన్నమాట. సడలడానికి ఆ లోపలి పొర ఉండాలని అమెరికా శాస్త్రవేత్త ఫర్చ్‌గాట్ 1980లో బయటపెట్టాడు. 1998లో నోబెల్ వచ్చింది. ఈ చెయ్యి తిరిగినవాడే దారప్పోగంత మెదడు నాళాన్ని తీగల మీద నిలబెట్టగలిగేది.

ఇంకో సంగతి. మైగ్రేన్ మందు సుమాట్రిప్టాన్ తలలో నాళాల్ని బిగిస్తుంది, గుండెకి రక్తమిచ్చే కరోనరీ నాళాల్ని కూడా కాస్త బిగిస్తుంది. అందుకే గుండెజబ్బున్నవాళ్ళకి ఇవ్వరు. రెండు చోట్లా ఏం జరుగుతుందో ఎరిగినవాడు కావద్దూ మరి?

స్వీడన్‌లో లుండ్ యూనివర్సిటీ ఎడ్విన్సన్‌ని చూడు. 1980ల్లో మెదడు నాళాల చుట్టూ ఉన్న నాడుల్లో సీజీఆర్‌పీ అనే, నాళాల్ని వెడల్పు చేసే పదార్థం మీద పనిచేశాడు. 1990లో గోడ్స్‌బీ వాళ్ళతో కలిసి, మైగ్రేన్ వచ్చి ఉండగానే మెడ సిరలోంచి రక్తం తీసి అందులో సీజీఆర్‌పీ పెరిగిందని చూపించాడు. దాన్ని అడ్డుకోవడానికి ఆ దారిలోనే వచ్చిన టెల్కాజెపాంట్ అనే మందు లివర్ ఎంజైముల గొడవతో మూలపడింది. అదే దారిలోని మైగ్రేన్ మందు ఎరెనుమాబ్‌కి అమెరికాలో అనుమతి వచ్చేసరికి 2018. వాళ్ళకి మెదడు పరిశోధనకిచ్చే బ్రెయిన్ ప్రైజ్ 2021లో. నడిమధ్యలో ఎడ్విన్సన్ పేపర్ల జాబితా చూసుంటే మీ సీనియర్ ఏమనేవాడో!

ఇక ఫెయిలైన పేపరు. నేనైతే ముందు అదే తీస్తా. ఎండోథీలిన్‌ని 1988లో జపాన్‌లో యానగిసావా వాళ్ళు కనుక్కున్నారు, నాళాల్ని గట్టిగా బిగించే పదార్థం. మెదడు పొరల మధ్య రక్తస్రావం అయ్యాక మెదడు నాళాలు బిగుస్తాయి కాబట్టి దాన్ని అడ్డుకుంటే చాలనుకున్నారు. దాన్ని అడ్డుకునే క్లాజోసెంటాన్ ఇస్తే యాంజియోలో (నాళాల ఎక్స్‌రే) బిగుతు తగ్గింది కూడా. తీరా 2011లో పెద్ద ట్రయల్ ఫలితం వస్తే, రోగులు కోలుకోవడంలో తేడా లేదు. బీపీ మందుల జాతికి చెందిన నిమోడిపిన్‌ది దీనికి ఎదురుకథ. యాంజియోలో నాళం పెద్దగా తెరుచుకున్నట్టుండదు, మనిషి మాత్రం గట్టెక్కుతాడు. 1989 బ్రిటిష్ ట్రయల్లో మెదడు కొంత చచ్చుబడటం 33 శాతం నుంచి 22కి తగ్గింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని మీ ప్రొఫెసర్ పేపర్లో చర్చ భాగం చదువు. తప్పంతా డోసు మీదకి నెట్టాడా, లేక తన ఊహనే నిలదీశాడా?

సత్యనారాయణపురం_అమ్మాయి:
నేను డాక్టర్ని కాదండీ. మా నాన్నగారికి ఇదే రక్తస్రావం అయ్యింది, విజయవాడలోనే చూపించాం. నిమోడిపిన్ 30 మి.గ్రా. మాత్రలు రెండేసి, నాలుగ్గంటలకోసారి, 21 రోజులు. మొత్తం 252. అర్ధరాత్రి రెండింటికొకటి, తెల్లారి ఆరింటికొకటి అలారం. మధ్యలో బీపీ పడిపోతే రెండు గంటలకొక మాత్ర చొప్పున మార్చారు, ఇక మాకు నిద్రేది! "బీపీ బిళ్ళకేనా మనిషిని లేపేది, పడుకోనివ్వవే" అని పిన్ని పోరు. ఎందుకు లేపాలో చీటీ రాసిచ్చినవాళ్ళు ఒక్క ముక్క చెప్పలేదు. మేష్టారూ, ఇవాళ మీరు రాసింది పిన్నికి చదివి వినిపించా.

బ్రాడీపేట_ఎంఫార్మ్:
ఆ పేపరు రాత్రి చదివా మేష్టారూ. డోసు గురించి రెండే లైన్లు. మిగతా పేజీన్నర, మనం కొలిచింది పెద్ద నాళాల్నే కదా, యాంజియోలో కనపడని చిన్న నాళాల సంగతేంటని. మెయిల్లో ఆ చిన్న నాళాల్ని ఉంగరంగా కోయకుండా ఎలా కొలుస్తారని అడిగా. హెచ్ ఇండెక్స్ పొగడ్త తీసేశా.

పొగడ్రమ్ము_మేష్టారు:
ఆ ప్రశ్న మొదటి పేరాలోకి తే. నీ మార్కులు కిందికి పోనీ.