యూజీసీ కేర్ లిస్టు ఎత్తేశాక మీడియా పేపర్ ఏ జర్నల్‌కి పంపాలి?

డేట్‌లైన్:
జర్నలిజంలో పీహెచ్‌డీ చేస్తున్నా. తెలుగు దినపత్రికల జిల్లా పేజీల్లో సాగునీటి వార్తలు ఎలా వస్తున్నాయన్నది టాపిక్. రెండు పత్రికలు, ఒక జిల్లా ఎడిషన్, ఏడాది కాలం, కంటెంట్ ఎనాలిసిస్ (వార్తల్ని వర్గాలుగా విడగొట్టి లెక్కించడం). ఈ అధ్యాయాన్ని పేపర్‌గా మార్చి పంపాలనుకుంటున్నాను. యూజీసీ గుర్తించిన జర్నళ్ల జాబితా అయిన కేర్ లిస్టు ఇప్పుడు లేదంటున్నారు, మరి జర్నల్ అసలుదో కాదో తేల్చుకునేదెలా? మన దేశంలో మీడియా పరిశోధనకు నికరంగా నిలబడ్డ జర్నల్స్ ఏవి? తెలుగు పత్రికల మీద రాసింది బయటి రివ్యూవర్‌కి ఎక్కాలంటే ఏం మార్చాలి? శాంపిల్ గురించి కూడా ఎవరైనా చెబితే మేలు.

గేలీప్రూఫ్:
ముందు నిబంధన సంగతి తేల్చుకోండి. యూజీసీ 2016 పీహెచ్‌డీ రెగ్యులేషన్ ప్రకారం థీసిస్ ఇచ్చేలోపు రిఫరీడ్ (నిపుణులు పరిశీలించి వేసే) జర్నల్లో ఒక పేపర్, రెండు సెమినార్ ప్రెజెంటేషన్లు ఉండాలి. 2022 నవంబర్‌లో వచ్చిన కొత్త రెగ్యులేషన్ ఆ షరతు తీసేసింది. అయినా యూనివర్సిటీ తన సొంత నిబంధనల్లో ఉంచుకుంటే మీరు పాటించాల్సిందే. మీ రిజిస్ట్రేషన్ దేని కిందికి వస్తుందో రీసెర్చ్ సెక్షన్‌లో కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వైవా దగ్గర పనికిరాదు.

కేర్ లిస్టు 2019లో మొదలైంది. ఎత్తేసినట్టు 2025 ఫిబ్రవరిలో యూజీసీ ప్రకటించింది. దాని బదులు కొన్ని సూచనాత్మక ప్రమాణాలిచ్చి, జర్నల్‌ని ఎంచే బాధ్యత విద్యాసంస్థల మీద పెట్టింది. కాబట్టి ఇవాళ ఏ వెబ్‌సైట్ అయినా 'యూజీసీ కేర్ ఆమోదిత జర్నల్' అని బోర్డు పెట్టుకుని ఉంటే అదే మొదటి అనుమానం. లిస్టులో ఉండటమే అర్హత అనుకోవడం అప్పుడూ ప్రమాదమే. కేర్‌కి ముందున్న పాత జాబితాలోంచి 2018 మేలో ఒక్కసారే 4,305 పేర్లు కొట్టేశారు.

ఐఎస్ఎస్ఎన్ ఉంది కదా అని నమ్మేవాళ్లు చాలామంది. అది గుర్తింపు సంఖ్య మాత్రమే, నాణ్యత ముద్ర కాదు. మన దేశంలో ఢిల్లీలోని సీఎస్ఐఆర్ సంస్థ నిస్పర్ పరిధిలోని జాతీయ కేంద్రం ఉచితంగా ఇస్తుంది. అయితే నంబర్ దొంగదా అన్నది కాగితం మీదే కొంత తేలుతుంది. మొదటి ఏడు అంకెల్ని వరుసగా 8, 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడండి. మొత్తాన్ని 11తో భాగించి, శేషాన్ని 11లోంచి తీసేయండి. వచ్చేదే చివరి అంకె. 10 వస్తే ఎక్స్ అక్షరం, శేషం సున్నా అయితే సున్నా. ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ ప్రింట్ నంబర్ 0012-9976 తీసుకోండి. 6, 10, 36, 27, 14 కలిపితే 93. శేషం 5, పదకొండులోంచి తీస్తే 6. సరిపోయింది.

లెక్క కుదిరినంత మాత్రాన అయిపోలేదు. అసలు జర్నల్ పేరు, నంబర్ రెండూ ఎత్తుకొచ్చి వేరే వెబ్‌సైట్ పెట్టే క్లోన్లు ఉన్నాయి. వాటిని లెక్కతో పట్టుకోలేం. ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో ఆ నంబర్ కొట్టి, అక్కడున్న ప్రచురణకర్త, ఊరు, వెబ్ చిరునామా మీకొచ్చిన మెయిల్‌తో పోల్చండి. తర్వాత ఏదో ఒక సంచిక తెరవండి. నేల రసాయనాలు, జీఎస్‌టీ, టీవీ సీరియళ్లు ఒకే సంచికలో పక్కపక్కన ఉంటే మూసేయొచ్చు. వ్యాసం మొదటి పేజీలో అందిన తేదీ, ఆమోదించిన తేదీ చూడండి. మధ్యలో నాలుగైదు రోజులే ఉంటే రివ్యూ జరగలేదన్నట్టే. రెండు మూడు పాత వ్యాసాల డీఓఐలు (వ్యాసానికిచ్చే శాశ్వత గుర్తింపు నంబర్లు) డీఓఐ సైట్‌లో వేసి చూడండి, తెరుచుకోకపోతే అవి ఉత్త అంకెలే. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్ వ్యాసాల్ని సగటున ఎన్నిసార్లు ఉటంకించారన్న అంకె) అని ఎవరు వేసుకున్నా, క్లారివేట్ సంస్థ ఇచ్చింది కాకపోతే పక్కన పెట్టేయండి.

పాతసంచిక:
జర్నల్స్ గురించి. మీడియా అన్న మాట పేరులో ఉన్న ప్రతిదానికీ పంపేయకండి. ఒక్కోదాని తత్వం వేరు.

ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) 1965లో పెట్టిన సంస్థ. అక్కడి ఇంగ్లిష్ జర్నల్ కమ్యూనికేటర్, హిందీది సంచార్ మాధ్యమ్. దేశీయ పత్రికల మీద కంటెంట్ ఎనాలిసిస్‌కి మొదటిది సహజమైన చోటు. అహ్మదాబాద్‌లోని మైకా విద్యాసంస్థది జర్నల్ ఆఫ్ క్రియేటివ్ కమ్యూనికేషన్స్, సేజ్ ప్రచురిస్తుంది. ప్రకటనలు, బ్రాండ్లు, వినియోగదారుల వైపు మొగ్గు ఎక్కువ కాబట్టి మీ టాపిక్‌ని అటు లాగాల్సి వస్తుంది. బయోస్కోప్ కూడా సేజ్‌దే, కానీ అది సినిమా, తెర అధ్యయనాలకు. నీటి వార్తలకు కాదు. ఆసియా మీడియా పరిశోధన సంస్థ ఆమిక్ నడిపే మీడియా ఏషియా ఆసియా మొత్తానికి సంబంధించింది. అక్కడి ఎడిటర్‌కి ఒక జిల్లా కథ ఎందుకు చదవాలో మొదటి పేరాలోనే చెప్పాలి. ఈపీడబ్ల్యూ (పైన చెప్పిన ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ) మీడియా జర్నల్ కాదు. కానీ నీళ్లు, రైతులు, జిల్లా అధికార యంత్రాంగం, పత్రిక యాజమాన్య ప్రయోజనాలు అన్న కోణంలో రాస్తే నా ఉద్దేశంలో మీ డేటాకి అంతకంటే మంచి పాఠకులు దొరకరు. కాకపోతే అక్కడ పట్టికలు తగ్గించి వాదన పెంచాలి.

ఇక అధ్యాయాన్ని పేపర్ చేయడం. థీసిస్ అధ్యాయం గైడ్‌కీ ఎగ్జామినర్‌కీ రాసింది. 'మాధ్యమం నిర్వచనం' నుంచి మొదలై సిద్ధాంతాల చరిత్ర అంతా చెబుతుంది. రివ్యూకి వెళ్లకుండా ఎడిటర్ డెస్క్ మీదే తిరిగొచ్చే పేపర్లలో ఎక్కువ ఇలాంటివే. 6,000-8,000 పదాల పేపర్లో సాహిత్య సమీక్ష 1,200 దాటకూడదు, అందులోనూ మీ ప్రశ్నకి తగిలేదే ఉండాలి. అజెండా సెట్టింగ్ (జనం ఏ విషయాల్ని ముఖ్యమనుకోవాలో మీడియా నిర్ణయిస్తుందన్న సిద్ధాంతం) అన్నారంటే దాన్ని కొలవాలి, పేరు చెప్పి వదిలేస్తే రివ్యూవర్ మొదట అక్కడే పట్టుకుంటారు.

జిల్లా పేజీ అంటే ఏమిటో బయటివాళ్లకి తెలియదు. 1989లో ఈనాడు జిల్లా టాబ్లాయిడ్లు మొదలుపెట్టడం, తర్వాత మిగతా పత్రికలు అదే దారి పట్టడం, మండల స్థాయి కంట్రిబ్యూటర్ల వ్యవస్థ, మెయిన్ షీట్‌కీ జిల్లా పేజీకీ ఉన్న తేడా, ఇవన్నీ ఒక్క పేరాలో రావాలి. ఆ పేరా లేకపోతే మీ డేటా వాళ్లకి 'లోకల్ న్యూస్' అన్న మాటలో కలిసిపోతుంది. తెలుగు శీర్షిక ఉటంకిస్తే లిప్యంతరీకరణ, పక్కనే అనువాదం ఇవ్వండి. వార్త మొత్తం దించకండి.

ఈ జర్నల్స్ చదవడానికి ఇబ్బంది ఉంటే, 2025 జనవరి నుంచి కేంద్ర ప్రభుత్వమే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ నడుస్తోంది. 30 ప్రచురణ సంస్థలు, 13,000 దాకా జర్నల్స్. సేజ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ రెండూ ఉన్నాయి. ప్రభుత్వ సంస్థలకే వర్తిస్తుంది, ప్రైవేటు కాలేజీవాళ్లకి లేదు.

కోడ్‌బుక్:
శాంపిల్ దగ్గర ఆగుదాం, ఈ పేపర్ నిలిచేదీ కూలేదీ అక్కడే.

ఏడాది దినపత్రికకు రెండు కన్‌స్ట్రక్టెడ్ వారాలు, అంటే 14 సంచికలు చాలన్న లెక్క అందరూ వాడతారు. రెండు సోమవారాలు, రెండు మంగళవారాలు, ఇలా ఏడాదంతటి నుంచీ లాటరీ తీయడం. ఆ లెక్క 1993లో ఒక అమెరికన్ దినపత్రిక మీద కట్టింది, అదీ మామూలు వార్తలకి. నీళ్ల వార్తలు ఏడాదంతా ఒకేలా రావు. కాలువలకి నీళ్లు వదిలే రోజులు, చివరి ఆయకట్టు ఎండే రోజులు, వరదలు వచ్చినప్పుడు కుప్పలుగా వచ్చి మిగతా నెలల్లో మాయమవుతాయి. 14 లాటరీలో ఆ కుప్ప మొత్తం తప్పిపోవచ్చు. ఖరీఫ్, రబీ, వేసవి మూడు కాలాలుగా విడగొట్టి, ఒక్కో కాలానికి రెండేసి వారాలు తీయండి. 42 తేదీలు, రెండు పత్రికలకి 84 సంచికలు. ఒక్క మనిషి చేయగల పనే.

రిలయబిలిటీ లేకుండా పంపకండి. రెండో కోడర్, అంటే అవే వార్తల్ని విడిగా వర్గీకరించే మరో మనిషి తప్పనిసరి. 'మా ఇద్దరికీ 85 శాతం ఏకీభావం ఉంది' అని రాస్తే చెల్లదు. ఎందుకంటే, ఒక వర్గం నూటికి పది వార్తల్లోనే ఉంటే, ఇద్దరూ కళ్లు మూసుకుని అదే నిష్పత్తిలో టిక్కులు పెట్టినా 0.9×0.9, 0.1×0.1 కలిపి 82 శాతం కలుస్తుంది. అందుకే ఇలా యాదృచ్ఛికంగా కలిసేదాన్ని తీసేసి ఏకీభావాన్ని కొలిచే క్రిప్పెన్‌డార్ఫ్ ఆల్ఫా ఇవ్వాలి, అదీ ఒక్కో వేరియబుల్‌కి (కోడ్ చేసే ఒక్కో అంశానికి) విడిగా. 0.80 ఉంటే మంచిది. 0.667కి తగ్గిన వేరియబుల్‌ని తీసేయండి, లేదా నిర్వచనం మార్చి మళ్లీ కోడ్ చేయండి. మొత్తం సగటు చూపించి బలహీనమైనదాన్ని దాచితే రివ్యూవర్‌కి ఇట్టే తెలుస్తుంది.

తెలుగు వార్తల్లో ఆల్ఫా పడిపోయేది 'మూలం', అంటే వార్త ఎవరు చెప్పారన్న అంశం దగ్గర. 'చివరి భూములకు నీరందడం లేదని రైతులు వాపోతున్నారు.' ఇక్కడ మూలం రైతా? పేరు లేదు, ఊరు లేదు, ఎంతమందో లేదు. ఒక కోడర్ 'రైతు' అంటాడు, ఇంకొకరు 'మూలం లేదు' అంటారు. 'పేరు లేని సమూహం' అని విడి కోడ్ పెట్టి, వాపోయారు, ఆరోపిస్తున్నారు, కోరుతున్నారు లాంటి క్రియలన్నీ కోడ్‌బుక్‌లో ఉదాహరణలతో రాసేయండి. నిజానికి మీ పేపర్లో కొత్త విషయం ఇక్కడే దొరకొచ్చు. అధికారికి పేరు, హోదా రెండూ ఉండి రైతుకి వాపోవడమే మిగిలితే, అది పట్టికగా వేయదగ్గ సంగతి.

ఇంకో ఉచ్చు. ఈనాడు డేట్‌లైన్ దగ్గర కనిపించే 'న్యూస్‌టుడే'ని పీటీఐ లాంటి బయటి ఏజెన్సీగా కోడ్ చేయకండి. అది ఆ సంస్థ సొంత విలేకరుల వ్యవస్థే. ఈ-పేపర్ లింకులు నమ్ముకోవద్దు. పేజీ మొత్తం సేవ్ చేసి, ఫైల్ పేరులోనే పత్రిక, ఎడిషన్, తేదీ, పేజీ నంబర్ పెట్టండి. ఒకే తేదీన ఒక్కో ఎడిషన్‌లో వేరే వార్తలుంటాయి కాబట్టి, ఎడిషన్ రాయని ఉటంకింపు ఎవరూ సరిచూడలేరు.

డేట్‌లైన్:
గేలీప్రూఫ్ గారూ, పాతసంచిక గారూ, కోడ్‌బుక్ గారూ, థాంక్స్ అండీ. వాపోయారు సంగతి మా కోడర్ల దగ్గరా అచ్చం అలాగే ఉంది. ఇంకో రెండు సందేహాలు. పేపర్ ముందు వేసి తర్వాత థీసిస్ ఇస్తే సిమిలారిటీలో (పాత రాతలతో ఎంత శాతం కలుస్తుందో చూసే సాఫ్ట్‌వేర్ తనిఖీలో) పట్టుకుంటుందా? గైడ్ పేరు ఎక్కడ పెట్టాలి?

గేలీప్రూఫ్:
పట్టుకుంటుంది. పట్టుకోవడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. సొంత ప్రచురణనైనా ఉటంకించకుండా మళ్లీ వాడటం కుదరదని 2020 ఏప్రిల్‌లో యూజీసీ నోటీసు ఇచ్చింది. అధ్యాయం మొదట్లో 'ఇందులో కొంత భాగం ఫలానా జర్నల్లో వచ్చింది' అని రాయండి. రిపోర్టులో ఆ పేపర్‌ని మినహాయించినట్టు గైడ్ సర్టిఫికెట్ జతచేయండి. థీసిస్ ముందే శోధ్‌గంగలోకి (థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారంలోకి) ఎక్కిపోతే క్రమం తిరగబడుతుంది. అప్పుడు జర్నల్ ఎడిటర్‌కి కవరింగ్ లెటర్‌లోనే చెప్పాలి.

2018 ప్లేజియరిజం రెగ్యులేషన్ ప్రకారం 10 శాతం దాకా శిక్ష లేదు. 10 దాటి 40 దాకా ఉంటే సరిచేసి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. రిఫరెన్సులు, విషయసూచిక, చట్టాల పాఠం, వరుసగా 14 పదాల లోపు కలిసే మామూలు మాటలు లెక్కలోకి రావు. లైబ్రరీవాళ్లు ఆ మినహాయింపులు పెట్టకుండానే రిపోర్టు తీస్తే శాతం ఊరికే పెరుగుతుంది, సెట్టింగులు అడగండి. తెలుగు ఉటంకింపులు యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉంటే సాఫ్ట్‌వేర్‌కి అవి అర్థం లేని అక్షరాలు. యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వండి.

గైడ్ పేరు విషయంలో, యూజీసీ 2018 అధ్యాపక నియామకాల రెగ్యులేషన్‌లో ఇద్దరు రచయితలైతే పేపర్‌కిచ్చే పాయింట్లలో ఒక్కొక్కరికి 70 శాతం. ఇద్దరికి మించితే మొదటి రచయిత లేదా కరస్పాండింగ్ రచయితకి (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు చూసే రచయితకి) 70, మిగతావాళ్లకి 30. అందువల్ల మూడో పేరు చేరిందంటే ఎవరికో 40 తగ్గినట్టే. పని చేసినవాళ్ల పేర్లే ఉండాలి, వరుస రాయడం మొదలుపెట్టేముందే మెయిల్లో ఖాయం చేసుకోండి.

పాతసంచిక:
డబ్బు గురించి ఒక మాట. సేజ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ జర్నల్స్‌లో చాలావరకు హైబ్రిడ్, అంటే చందాదారులకే తెరుచుకునే వ్యాసాలు, అందరికీ తెరిచి ఉండే ఓపెన్ యాక్సెస్ వ్యాసాలు రెండూ వేసేవి. పేపర్ ఆమోదం పొందాక ఓపెన్ యాక్సెస్ కావాలా అని ఒక తెర వస్తుంది. సబ్‌స్క్రిప్షన్ దారి ఎంచుకుంటే ఫీజు లేదు. ఫీజు తప్పనిసరి అనుకుని వెనక్కి తీసుకునేవాళ్లు ఉన్నారు. ఆమోదించిన ప్రతిని, అంటే జర్నల్ లేఅవుట్ వేయని వర్డ్ ఫైల్‌ని, మీ సంస్థ రిపాజిటరీలో ఎప్పుడు పెట్టొచ్చో ఆ జర్నల్ పాలసీ పేజీలో ఉంటుంది.

ఒకేసారి రెండు జర్నల్స్‌కి మాత్రం పంపకండి. ఆరు నెలలు దాటినా జవాబు లేకపోతే ముందు ఎడిటర్‌కి మెయిల్, తర్వాత రాతపూర్వకంగా ఉపసంహరణ, అది అందినట్టు జవాబు వచ్చాకే ఇంకోచోటికి.